ఎరేజర్ పక్కన పెట్టు అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మీ మామ ఆశీస్సులు.

చిత్తూరు స్టూడియోలో పని కుదిరిందని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. నువ్వు పంపిన ఆల్బమ్ ఫైలు తెరిచి చూశాను. రంగులు బాగున్నాయి. చంద్రగిరి కోట దగ్గర తీసిన పెళ్లికూతురి ఫోటోలో మాత్రం జుట్టు అంచు మరీ నున్నగా ఉంది. గాలికి లేచిన వెంట్రుకలు ఒక్కటీ మిగల్లేదు. ఫోటోషాప్‌లో ఆ లేయర్, అంటే ఒకదానిమీద ఒకటి పేర్చే బొమ్మల పొర, విప్పి చూస్తే అర్థమైంది, నేపథ్యాన్ని ఎరేజర్‌తో చెరిపేశావు.

ఎరేజర్‌తో పోయిన భాగం ఫైలు సేవ్ చేసి మూసేశాక తిరిగి రాదురా. పెళ్లివాళ్లేమో ప్రింటుకు పంపే ముందురోజు వచ్చి, వెనకాల కోట ఇంకొంచెం కనపడాలి, జడ కిందిదాకా రావాలి అంటారు. డబ్బిచ్చి చేయించుకునేవాళ్లు, అడుగుతారు. లేయర్ మాస్క్, అంటే లేయర్‌ను చెరపకుండా దాచే నలుపు తెలుపు ముసుగు, పెట్టి ఉంటే తెల్ల బ్రష్ తీసుకుని అక్కడ పూస్తే సరిపోతుంది, దాచిన జడ మళ్లీ వస్తుంది.

మాస్క్‌లో తెలుపు ఉన్నచోట లేయర్ కనపడుతుంది, నలుపు ఉన్నచోట దాగుతుంది, బూడిద రంగు ఉన్నచోట సగం సగం కనపడుతుంది. ఎనిమిది బిట్ల ఫైల్లో నలుపు 0 నుంచి తెలుపు 255 వరకు, అంటే 256 మెట్లు ఉంటాయి. మన శ్రీకాళహస్తి వైపు పాతకాలం కలంకారీలో నీలం అంటకూడని చోట మైనం పూసేవాళ్లు, మాస్క్ చేసే పనీ అదే. మాస్క్‌తో అయితే ఎంత దాయాలో మెట్టుమెట్టుగా చెప్పొచ్చు, వద్దనుకుంటే తీసేయొచ్చు.

ఫోటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగు ఎక్కడ ఎంత ఉందో చూపే మూడు నలుపు తెలుపు బొమ్మలుంటాయి, వాటినే ఛానళ్లంటారు. మాస్క్ బొమ్మను ఆ ఛానళ్ల కింద విడిగా దాచుకుంటే ఆల్ఫా ఛానల్. 1970ల చివర్లో న్యూయార్క్‌లో కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకులు ఎడ్ క్యాట్‌మల్, ఆల్వీ రే స్మిత్ దీన్ని తయారుచేశారు. ఫోటోషాప్‌కు లేయర్లు వచ్చింది 1994లో, 3.0 వెర్షన్‌తో. అంతకుముందు మనిషిని నేపథ్యం నుంచి వేరుచేసే కటింగ్ పనికి ఈ ఛానళ్లే దిక్కు. జుట్టు దగ్గరికొస్తే నేను ఇప్పటికీ వాటి దగ్గరికే పోతాను, ఎందుకంటే మాస్క్‌కు కావలసిన బొమ్మ ఫోటోలోనే సగం తయారై ఉంటుంది.

ఎట్లాగంటే, మూడు ఛానళ్లూ ఒక్కొక్కటి నొక్కి చూడు. పగటి ఆకాశం నీలం ఛానల్లో తెల్లగా ఉంటుంది, జుట్టు నల్లగా ఉంటుంది. శేషాచలం ఎర్రరాళ్లు కూడా అందులో ముదురుగానే పడతాయి, కొండ వెనక ఆకాశం మార్చాలన్నా ఇదే దారి. సాయంత్రం వెలుగు తక్కువలో తీసిన ఫోటో అయితే నీలంలో గ్రెయిన్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు, ఎక్కువ ఉంటుంది, అప్పుడు ఆకుపచ్చ చూడు. నచ్చినదాన్ని డూప్లికేట్ చేసుకో. అసలు ఛానల్ మీద చెయ్యి వేశావంటే ఫోటో రంగే మారిపోతుంది.

కాపీని కంట్రోల్ ఐ కొట్టి తిరగెయ్యి, జుట్టు తెల్లబడుతుంది. నలుపు తెలుపులను సర్దే లెవెల్స్‌లో రెండు చివరలూ లోపలికి జరుపు, కానీ వెంట్రుకల కొసల్లో బూడిద రంగు మిగలాలి. అది పోతే మళ్లీ నున్నటి అంచే. ముఖం, చీర లోపలి భాగం బ్రష్‌తో తెల్లగా నింపు. అంచుల్లో బ్రష్ మోడ్ ఓవర్‌లే పెట్టి తెలుపు పూస్తే వెంట్రుకలు తేలతాయి, నల్లగా ఉన్న నేపథ్యం చెడదు. తర్వాత ఆ ఛానల్ బొమ్మ మీద కంట్రోల్ పట్టుకుని క్లిక్ చేసి, తెల్లభాగం సెలెక్ట్ అయ్యాక లేయర్ మీదికి వచ్చి మాస్క్ బటన్ నొక్కు.

మల్లెపూల దగ్గర ఈ పద్ధతి పనికిరాదు. పూలూ తెలుపే, ఆకాశమూ తెలుపే, ఛానల్‌కు రెంటికీ తేడా తెలియదు. నువ్వే బాగా జూమ్ చేసి రేకు రేకుకూ చేత్తో పూయాలి. ఓపిక పట్టు, పెళ్లికూతురు ఆ ఫోటో బతికినంతకాలం చూసుకుంటుంది.

కొత్త నేపథ్యం వేశాక వెంట్రుకల చుట్టూ పాత ఆకాశం నీలం మిగులుతుంది. పైన ఒక ఖాళీ లేయర్ పెట్టి, కింది లేయర్‌ మీదే పడేలా క్లిప్ చేసి, మోడ్ కలర్ పెట్టి, జుట్టు రంగు పూస్తే పోతుంది. ఆల్ట్ పట్టుకుని మాస్క్ మీద క్లిక్ చేస్తే మాస్క్ ఒక్కటే కనపడుతుంది, మామూలుగా కంటికి ఆనని మచ్చలన్నీ అక్కడ దొరుకుతాయి. బ్రష్ పట్టే ముందు మాస్క్ సెలెక్ట్ అయిందో ఫోటో సెలెక్ట్ అయిందో ప్రతిసారీ చూసుకో.

మనిషిని తనంతట తానే గుర్తుపట్టే సెలెక్ట్ సబ్జెక్ట్ ఒక్క నొక్కుకు చేసేస్తుంది కదా అంటావు. వాడుకో, తప్పేం లేదు. అది ఇచ్చేదాన్ని కూడా మాస్క్‌గా మార్చుకుని, జడ దగ్గర, పూల దగ్గర నువ్వు దిద్దాల్సిందే.

ఫైలు ఫోటోషాప్ సొంత ఫార్మాట్ పీఎస్‌డీలోగానీ టిఫ్‌లోగానీ దాచు. టిఫ్ సేవ్ చేసేటప్పుడు ఆల్ఫా ఛానళ్ల టిక్ తియ్యొద్దు. జేపెగ్‌లో వాటికి చోటే లేదు.

అసలు ఫోటో నీ దగ్గరే ఉంటుంది కదా, ఆ పేజీ మళ్లీ మొదటినుంచి చేసి పీఎస్‌డీ పంపించు. ఛానల్ డిలీట్ చెయ్యకు, లెవెల్స్ ఎంతవరకు జరిపావో చూడాలి. ఆదివారం తిరుచానూరులో ముహూర్తం పని ఉంది, రాత్రికి చూసి ఫోన్ చేస్తాను.

మీ మామ
తిరుపతి