టీనేజ్ ఫ్యాన్‌క్లబ్ అవకాశం పోగొట్టుకుందా?

"1991లో అమెరికా రాక్ బ్యాండ్ నిర్వానా పక్కన నిలబడి పేరు తెచ్చుకున్న స్కాట్లాండ్ బ్యాండ్ టీనేజ్ ఫ్యాన్‌క్లబ్ ఆ తర్వాత పెద్ద బ్యాండ్ ఎందుకు కాలేదు? చేతికొచ్చిన అవకాశం పోగొట్టుకున్నారా?" అని అడిగారు.

పోగొట్టుకున్నారని నేను అనుకోను. 2017లో ఎమ్మెస్సీ చదవడానికి స్కాట్లాండ్‌లోని గ్లాస్గో వెళ్లాను. సాయంత్రాలు ఒక రెస్టారెంట్‌లో గిన్నెలు కడిగేవాణ్ణి. అక్కడ వంట చేసే యాభై ఏళ్లాయనది బెల్స్‌హిల్. రాత్రి షట్టర్ దించాక ఈ బ్యాండ్ పాటలు పెట్టి నేల తుడిపించేవాడు. మొదట్లో నాకు ఎక్కలేదు. పాడేవాడు అరవడు, డ్రమ్ములు అదరగొట్టవు, ఇదేం రాక్ అనుకున్నాను. రెండు నెలలు తిరిగేసరికి చీపురు పట్టుకుని కోరస్ నేనే అందుకుంటున్నాను.

బెల్స్‌హిల్ గ్లాస్గోకి దగ్గర్లోనే ఉన్న చిన్న టౌను. ఒకప్పుడు బొగ్గు, ఉక్కు మీద బతికిన ప్రాంతం. బీఎంఎక్స్ బ్యాండిట్స్, సూప్ డ్రాగన్స్ అనే బ్యాండ్లు కూడా అక్కడివే. 1980లలో ఆ కుర్రాళ్లు ఒకరి బ్యాండ్‌లో ఇంకొకరు వాయించేవాళ్లు, ఎవరు ఏ బ్యాండో చెప్పడం కష్టం. నార్మన్ బ్లేక్, రేమండ్ మెక్‌గిన్లీ అప్పట్లో బాయ్ హెయిర్‌డ్రెసర్స్ అనే బ్యాండ్‌లో ఉండేవారు. ఒక చిన్న లేబుల్ (రికార్డు కంపెనీ) మీద ఒక్క సింగిల్ వచ్చింది, అంతే. 1989లో జెరార్డ్ లవ్ కూడా కలిసి టీనేజ్ ఫ్యాన్‌క్లబ్ అయ్యారు. చనిపోయిన పొరుగువాళ్లు మెక్‌గిన్లీకి వదిలేసి వెళ్లిన ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ అమ్మి మొదటి ఆల్బమ్ రికార్డింగ్ ఖర్చు పెట్టుకున్నారట. అదే 1990లో వచ్చిన 'ఎ కేథలిక్ ఎడ్యుకేషన్'.

ఆ మరుసటి ఏడాదే క్రియేషన్ రికార్డ్స్ అనే లేబుల్ నుంచి 'బ్యాండ్‌వ్యాగనెస్క్'. అమెరికాలో స్పిన్ పత్రిక నిర్వానా ఆల్బమ్ 'నెవర్‌మైండ్'ని కూడా కాదని దీన్నే ఆ ఏటి మేటి ఆల్బమ్ అంది. మీరన్న పేరు ఇక్కడిదే. అట్ట మీద గులాబీ రంగు నేపథ్యంలో పసుపు రంగు డబ్బు మూట ఉంటుంది. ఆ మూట వీళ్ల ఇంటికి మాత్రం రాలేదు!

కారణం వెతకాలంటే ఆ సంగీతంలోనే ఉంది. వీళ్లది పవర్ పాప్. అంటే గిటార్లు గట్టిగానే మోగుతాయి, కానీ పైన పాట తియ్యగా, రెండు మూడు గొంతులు కలిసి నడుస్తుంది. 1970ల మొదట్లో మెంఫిస్‌లో బిగ్ స్టార్ అనే బ్యాండ్ ఇదే చేసి, అమ్ముడుపోక ఆగిపోయింది. వీళ్లు ఆ దారిలోనే వెళ్లారు. గ్రంజ్ (నిర్వానా తరహా రాక్) హోరులో కోపం అమ్ముడవుతున్నప్పుడు వీళ్ల దగ్గర కోపం లేదు. 1993లో వచ్చిన 'థర్టీన్'ని విమర్శకులు చీల్చిచెండాడారు. ఆ తర్వాత వచ్చిన 'గ్రాండ్ ప్రీ' (1995) నా లెక్కలో వీళ్ల అసలు పని. కానీ అప్పటికి అదే క్రియేషన్‌లో ఒయాసిస్ అనే పెద్ద బ్యాండ్ ఉంది, జనం చూపంతా అటే. 1997లో 'సాంగ్స్ ఫ్రమ్ నార్తర్న్ బ్రిటన్' బ్రిటన్ చార్ట్‌లో 3వ స్థానం దాకా వెళ్లింది, అంతకంటే పైకి ఎప్పుడూ పోలేదు. క్రియేషన్ మూతపడ్డాక, 2005 నుంచి పీమా అనే సొంత లేబుల్.

ఇన్నేళ్లు ఎలా నిలబడ్డారంటే, మా ఊరి రామాలయం భజనే గుర్తొస్తుంది నాకు. ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు, తర్వాత పాట ఇంకొకరిది. ఈ బ్యాండ్‌లోనూ బ్లేక్, లవ్, మెక్‌గిన్లీ ముగ్గురూ రాసేవాళ్లు, ఎవరు రాసింది వాళ్లు పాడేవాళ్లు, మిగతా ఇద్దరూ వెనక గొంతు కలిపేవాళ్లు. ఆల్బమ్ మొత్తం ఒక్కడి నెత్తిన పడేది కాదు. ఐదేళ్లకో ఆల్బమ్ వచ్చినా కంగారు ఉండేది కాదు.

2018 చివర్లో గ్లాస్గోలోని బారోలాండ్ హాల్‌లో క్రియేషన్ కాలం నాటి ఆల్బమ్‌లు మూడు రాత్రులు వాయించారు. నా వీసా ఇంకా కొన్ని వారాలుంది, వంటాయన ఒక రాత్రికి టికెట్ కొనిచ్చాడు. లవ్ వెళ్లిపోతున్నట్టు అప్పటికే అందరికీ తెలుసు. గొడవేమీ కాదు, దూరదేశాల టూర్లకి విమానాల్లో తిరగడం ఆయనకి ఇష్టం లేదు. పాత డ్రమ్మర్లు బ్రెండన్ ఓహేర్, పాల్ క్విన్ కూడా వచ్చి వాయించారు. ఆ హాలు ఒకప్పటి డాన్స్ హాలు, జనం గెంతితే నేల కింద నుంచి ఊగుతుంది. లవ్ పాటలకి హాలంతా పాడింది. మా వంటాయన మాత్రం నోరు మెదపకుండా నిలబడ్డాడు. బయటికొచ్చాక, "ఇతన్ని బెల్స్‌హిల్‌లో బస్సు కోసం నిలబడ్డప్పుడు చూసేవాణ్ణి" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

లవ్ లేకుండానే 2021లో, 2023లో ఆల్బమ్‌లు వచ్చాయి. బాగున్నాయి, కానీ ఆ మూడో గొంతు లేని లోటు నాకు వినిపిస్తుంది.

వినడం 'బ్యాండ్‌వ్యాగనెస్క్'తో కాదు, 'గ్రాండ్ ప్రీ'తో మొదలుపెట్టండి. ఇయర్‌ఫోన్స్ వద్దు, ఏదైనా పని చేసుకుంటూ స్పీకర్‌లో పెట్టండి. నాకైతే ఇప్పటికీ గిన్నెలు కడిగేటప్పుడే బాగుంటాయి.