టర్బో కారు పవర్ పెంచాలంటే: బాక్సా, రీమ్యాపా?

ప్రశ్న: నాది ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ 1.5 టీఎస్‌ఐ, డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్. వారంటీ ఇంకా ఉంది. పవర్ పెంచుకోవాలనుంది. సెన్సర్ వైర్లకు తగిలించే ట్యూనింగ్ బాక్స్ అయితే ఎప్పుడైనా తీసేయొచ్చు, ఇంజిన్ సాఫ్ట్‌వేర్‌నే మార్చే రీమ్యాప్ కంటే అదే సేఫ్ అంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: తీసేయడం తేలికే. సేఫ్ అనే మాట మాత్రం నేను ఒప్పుకోను. పెట్రోల్ టర్బో ఇంజిన్లలో ఈ బాక్స్, ప్రెషర్ సెన్సర్ నుంచి ఈసీయూకు (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) వెళ్లే సిగ్నల్‌ను తగ్గించి చూపిస్తుంది. బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) చాలలేదనుకుని ఈసీయూ ఇంకాస్త పెంచుతుంది. ఇంజిన్‌ను కాపాడాల్సిన కంప్యూటర్‌కే తప్పుడు లెక్క అందుతుందన్నమాట. చౌక బాక్సుల్లో ఇది మరీ మొరటుగా ఉంటుంది.

రీమ్యాప్‌లో అలా కాదు. ఈసీయూ సాఫ్ట్‌వేర్‌లోనే బూస్ట్, ఇంధనం, ఇగ్నిషన్ టైమింగ్, టార్క్ (తిప్పే బలం) పరిమితి అన్నీ ఒకదానికొకటి పొంతన కుదిరేలా మారుస్తారు. స్టేజ్ 1 అనే మొదటి మెట్టు రీమ్యాప్‌కు సాధారణంగా విడిభాగాలేవీ మార్చక్కర్లేదు. స్టేజ్ 2 అంటే డౌన్‌పైప్ (టర్బో తర్వాతి పొగ గొట్టం), ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) వంటివీ మారుతాయి. రోజూ ఆఫీసుకు వెళ్లే కారుకు అది వద్దు. ఈ రెండింటిలో ఒకటి తేల్చమంటే మంచి ట్యూనర్ చేసిన స్టేజ్ 1 రీమ్యాప్‌కే నా ఓటు.

కానీ మీ కారుకు అదీ వద్దంటాను. కారణం గేర్‌బాక్స్. మీ ఇంజిన్ 150 పీఎస్ పవర్, 250 ఎన్‌ఎం టార్క్ ఇస్తుంది. దానికి జోడించిన డీక్యూ200 అనే ఏడు గేర్ల డీఎస్‌జీ తట్టుకునేలా తయారైంది కూడా 250 ఎన్‌ఎం వరకే! కంపెనీ నుంచి వచ్చినప్పుడే అంచున ఉందన్నమాట. పైగా దానివి డ్రై క్లచ్‌లు, ఆయిల్‌లో మునిగి చల్లబడేవి కావు. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం కదిలితే వేడెక్కిపోతాయి. వాటిమీద టార్క్ ఇంకా పెంచితే మొదట అరిగేది అవే, బిల్లూ చిన్నది కాదు. మీది మాన్యువల్ అయ్యుంటే ఈ డీఎస్‌జీ భయం ఉండేది కాదు.

ఎవరు రీమ్యాప్ చేయించినా ఒకటి అడిగి తీరాలి: మ్యాప్ ఏ పెట్రోల్‌కు రాశారు? యూరప్‌లో 98 ఆక్టేన్ పెట్రోల్‌కు రాసింది మన బంకుల్లోని ఈ20తో (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్), మే నెల ఎండలో నాకింగ్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి మండటం) తెప్పించొచ్చు. డేటా లాగ్‌లు (కారు నడిచేటప్పుడు తీసిన ఇంజిన్ రీడింగుల రికార్డు) చూపించని ట్యూనర్ దగ్గరికి వెళ్లకండి.

వారంటీ విషయానికొస్తే, ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ కార్లలో సాఫ్ట్‌వేర్ మారిందని డీలర్ స్కానర్ పసిగడితే టీడీ1 అనే గుర్తు పడుతుంది. తర్వాత ఇంజిన్, గేర్‌బాక్స్ క్లెయిములు తిరస్కరించే వీలుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కూడా తయారీదారు స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా మార్పులు చేయొద్దంటుంది. బీమా కంపెనీకి చెప్పకుండా చేయిస్తే క్లెయిమ్ దగ్గర ఇబ్బందే.

యాక్సిలరేటర్ నొక్కగానే కారు అందుకోవడం లేదన్నదే మీ బాధైతే, చాలామంది పెడల్ బాక్స్ కొంటారు. అది పెడల్ స్పందననే మారుస్తుంది, పవర్ పెంచదు. మీ డీఎస్‌జీలో ఎస్ (స్పోర్ట్) మోడ్ ఉంది కదా, ముందు కొన్నాళ్లు దానిలో నడిపి చూడండి.