వాషింగ్టన్ రాష్ట్ర డ్రైవింగ్ లైసెన్స్‌తో విమానం ఎందుకు ఎక్కనివ్వరు?

హెచ్-1బి ఉద్యోగ వీసా మీద కొత్తగా సియాటెల్ వచ్చామనీ, లైసెన్స్ మీద 'ఫెడరల్ లిమిట్స్ అప్లై' అని ఉందనీ, అదేమైనా తప్పుగా ఇచ్చారా అనీ ఒకరు అడిగారు. తప్పేం లేదండి. కారు నడపడానికి అది పూర్తిగా చెల్లుతుంది, విమానానికి చాలదు, అంతే. ఇండియన్ పాస్‌పోర్ట్ పట్టుకెళ్లండి, విమానాశ్రయంలో తనిఖీ చేసే టీఎస్ఏ వాళ్లు ఒప్పుకుంటారు.

9/11 తర్వాత లైసెన్సులన్నీ ఒకే ప్రమాణంలో ఉండాలని 2005లో రియల్ ఐడీ చట్టం తెచ్చారు. ఆ ప్రమాణానికి సరిపోని లైసెన్స్ దేశంలోపలి విమానాలకి చెల్లదు. దాన్ని ఇరాక్ యుద్ధ ఖర్చుల బిల్లుకి తగిలించి పాస్ చేయించేశారు. అమెరికాలో లైసెన్స్ ఇవ్వడం రాష్ట్రాల పని. రూల్స్ ఫెడరల్ ప్రభుత్వానివి, ఖర్చు మాత్రం చాలావరకు రాష్ట్రాల నెత్తిన. పైగా మనం చూపించిన కాగితాల స్కాన్‌లు దాచాలి, డేటాబేస్ మిగతా రాష్ట్రాలకూ అందుబాటులో ఉంచాలి. 2007 జనవరిలో మెయిన్ రాష్ట్ర శాసనసభ ముందుగా అడ్డం తిరిగింది. అదే ఏడాది మోంటానా అమలు చేయబోమని ఏకంగా చట్టమే చేసింది. అక్కడి గవర్నర్ ష్వైట్జర్ డెమోక్రాట్, సౌత్ కరోలినాలో వ్యతిరేకించిన శాన్‌ఫోర్డ్ రిపబ్లికన్. కాబట్టి ఇది పార్టీల గొడవ కాదు. 2008 మేలో ముగియాల్సిన అమలు గడువు జరిగి జరిగి 2025 మే 7 దాకా వచ్చిందంటే రాష్ట్రాలు ఎంత గట్టిగా నిలబడ్డాయో చూడండి. వాళ్లు లేవనెత్తిన ప్రశ్నలు న్యాయమైనవేనని నేను గట్టిగా నమ్ముతాను.

నా బాధల్లా వాషింగ్టన్ రాష్ట్రం చేసుకున్న సర్దుబాటు మీదే. ఇక్కడ రియల్ ఐడీగా చెల్లేది ఎన్‌హాన్స్‌డ్ లైసెన్స్ అనే వేరే రకం లైసెన్స్. అది పౌరులకే ఇస్తారు. ఓటు లేని మనలాంటి చాలామందికి పాస్‌పోర్టే గతి. వీసా స్టాంపింగ్ ఉన్న పాస్‌పోర్ట్‌ని శాన్‌హోసేలో రెండు రోజుల పనికి కూడా జేబులో పెట్టుకుని తిరగాలి. హోటల్ గదిలో వదలాలన్నా భయం, వెంట తిప్పాలన్నా భయం.

నా పాస్‌పోర్ట్ రెన్యువల్‌కి వెళ్లిన సమయంలోనే డాలస్‌లో మా తోడల్లుడి గృహప్రవేశం పడింది. మా ఆవిడ తన హెచ్-4 ఈఏడీ కార్డు (హెచ్-1బి వాళ్ల భార్యాభర్తలకి ఇచ్చే పని అనుమతి కార్డు) చూపించి వెళ్లొచ్చింది, అది కూడా చెల్లుతుంది. నా దగ్గర ఆ కార్డు లేదు, గ్రీన్‌కార్డూ లేదు. టికెట్ క్యాన్సిల్ చేసుకున్నాను. పదేళ్లుగా పన్నులు కడుతున్న ఊళ్లో, గడువున్న లైసెన్స్ చేతిలో ఉండి కూడా ఆగిపోవడం చాలా కష్టమనిపించింది.

అందుకే పాస్‌పోర్ట్ రెన్యువల్‌కి ఇచ్చేముందు ప్రయాణాలేమైనా ఉన్నాయేమో చూసుకోండి. ఇప్పుడు సరైన ఐడీ లేనివాళ్లకి 45 డాలర్లు కట్టి గుర్తింపు తనిఖీ చేయించుకునే దారి ఒకటి పెట్టారు గానీ, అందులో తప్పకుండా పంపుతారన్న హామీ లేదు. పెద్దవాళ్లతో వెళ్లే 18 ఏళ్లలోపు పిల్లలకి దేశంలోపల ప్రయాణానికి టీఎస్ఏ ఐడీ అడగదు.