కీబోర్డ్ మార్చే ముందు బయోస్‌లో చూడండి

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో వారం నుంచి నాలుగైదు అక్షరాలు పడటం లేదు. అవి పక్కపక్కనవి కూడా కావు. యూఎస్‌బీ కీబోర్డ్ పెడితే అన్నీ పడుతున్నాయి. కీబోర్డ్ మొత్తం మార్చాల్సిందేనా?

జవాబు: యూఎస్‌బీ కీబోర్డ్ పనిచేసినంత మాత్రాన విండోస్‌ను నిర్దోషి అనలేం, రెండిటికీ డ్రైవర్లు (వాటిని విండోస్‌తో కలిపి నడిపే ప్రోగ్రాములు) వేరు. విండోస్ రాకముందే పరీక్షించాలి. ఆన్ చేస్తూనే ఎఫ్2 (కొన్నిట్లో ఎఫ్10 లేదా డిలీట్) నొక్కుతూ బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల తెర) వెళ్లండి. పాస్‌వర్డ్ పెట్టుకునే పెట్టె తెరిచి, పడని కీలను ఒక్కొక్కటే కొట్టండి. కొట్టినప్పుడల్లా ఒక చుక్క పెరగాలి. చూడటం అయ్యాక ఎంటర్ మాత్రం నొక్కకండి, ఎస్కేప్‌తో బయటికి రండి. లేకపోతే మీకే తెలియని పాస్‌వర్డ్ పడి కూర్చుంటుంది!

చుక్కలు పడ్డాయంటే కీబోర్డ్ బాగానే ఉంది. డివైస్ మేనేజర్‌లో కీబోర్డ్స్ కింద ఉన్న ‘స్టాండర్డ్ పీఎస్/2 కీబోర్డ్’ను అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి, విండోస్ మళ్లీ తనే పెట్టుకుంటుంది.

పడకపోతే లోపం హార్డ్‌వేర్‌లోనే. కీలు చెల్లాచెదురుగా పోయాయన్నారు, అది మంచి ఆనవాలు. ప్రతి కీకీ విడిగా తీగ ఉండదు. కీల కింది పలచని ప్లాస్టిక్ పొరల మీద అచ్చు వేసిన గీతలుంటాయి, రెండు గీతలు కలిసే చోట ఒక కీ. ఒక్కో గీతను చాలా కీలు పంచుకుంటాయి. ఆ గీతలు పైకి కనిపించే వరుసల్లో పోవు కాబట్టి, ఒక్కటి తెగితే ఈ మూల అక్షరం, ఆ మూల అక్షరం కలిసి మూగబోతాయి. దుమ్ము వల్లయితే సాధారణంగా ఒకటి రెండు కీలే ఇబ్బంది పెడతాయి.

అయితే తెగింది గీతే కానక్కర్లేదు, కీబోర్డ్‌ను మదర్‌బోర్డ్‌కి కలిపే పలచని రిబ్బన్ కేబుల్ కాస్త జారినా ఇదే లక్షణం. చార్జర్ తీసి, షట్‌డౌన్ చేసి, వెనక మూత విప్పి ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే అక్కడితో ఆపేయండి, దాన్ని నొక్కకూడదు, గుచ్చకూడదు, మళ్లీ చార్జింగ్ పెట్టకూడదు. ఉబ్బకపోతే రిబ్బన్‌ను పట్టి ఉంచే సన్నని క్లిప్‌ను గోటితో పైకి లేపండి (కొన్నిట్లో బయటికి జరపాలి). బలవంతం వద్దు, అది విరిగితే పని మదర్‌బోర్డ్ దాకా పోతుంది. రిబ్బన్ కొసల మీద ఆకుపచ్చ మరకలుంటే తడి తగిలి ఉండొచ్చు. 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక నిటారుగా చివరిదాకా దూర్చి క్లిప్ మూయండి. కొస ఒక పక్కకి వాలినా కొన్ని కీలు పడవు.

ఇంత చేసినా మార్పు లేకపోతే కీబోర్డ్ మార్చడమే. కొన్ని మోడళ్లలో స్క్రూలుండవు, ప్లాస్టిక్ మేకులు కరిగించి పైభాగానికి అతికిస్తారు. వాటికి పైభాగంతో సహా మార్చుకోవడమే సులువు.

ప్రశ్న: యు కొడితే 4, ఐ కొడితే 5 వస్తోంది. వైరసా?

జవాబు: కాదు, నమ్‌లాక్ (కొన్ని అక్షరాల కీలను అంకెలుగా మార్చేది) పడింది. నమ్‌లాక్ కీని ఒక్కదాన్నే గానీ, ఎఫ్ఎన్ కీతో కలిపి గానీ నొక్కండి. ఆ కీ కనబడకపోతే విండోస్, కంట్రోల్, ఓ కలిపి నొక్కి తెరపై కీబోర్డ్ తెప్పించండి. దాని ఆప్షన్స్‌లో నంబర్ ప్యాడ్ ఆన్ చేస్తే అక్కడ నమ్‌లాక్ దొరుకుతుంది.

ప్రశ్న: ప్రతి కీనీ కాసేపు అదిమి పట్టుకుంటేనే అక్షరం పడుతోంది.

జవాబు: కుడి షిఫ్ట్ 8 సెకన్లు నొక్కి ఉంచితే ఫిల్టర్ కీస్ (కాసేపు అదిమి పట్టిన కీలనే లెక్కలోకి తీసుకునే విండోస్ సదుపాయం) ఆన్ అవుతుంది. చెయ్యి ఆన్చి ఆలోచిస్తూ కూర్చున్నప్పుడు జరిగేది ఇదే. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, కీబోర్డ్‌కి వెళ్లి ఆపేయండి. అక్కడే ఉన్న షార్ట్‌కట్‌ను కూడా ఆపేస్తే మళ్లీ రాదు.