ఆక్సీమీటర్‌లో 98 ఉన్నా తలనొప్పి.. జనరేటర్ పొగే కారణమా?

ప్రశ్న: కరెంటు పోయినప్పుడల్లా చిన్న పెట్రోల్ జనరేటర్‌ను వెనక వరండాలో పెట్టి నడుపుతున్నాం. గంట గడిచేసరికి ఇంట్లో అందరికీ తలనొప్పి, వికారం. బయట తిరిగితే తగ్గుతోంది. కిటికీలు తెరిచే ఉంచుతాం. పల్స్ ఆక్సీమీటర్‌లో 98 చూపిస్తోంది. ఎందుకిలా?

జవాబు: జ్వరం లేకుండా అందరికీ ఒకేసారి తలనొప్పి, బయటికెళ్తే ఉపశమనం ఉంటే ముందుగా అనుమానించాల్సింది జనరేటర్ పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌నే. జనరేటర్‌ను ఇవాళే వరండాలోంచి తీసేయండి.

ఆక్సీమీటర్ చూసి ధైర్యపడొద్దు. ఈ వాయువు హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. వేలికి పెట్టే మామూలు పరికరం ఆ హిమోగ్లోబిన్‌నూ ఆక్సిజన్ ఉన్నదిగానే లెక్కేస్తుంది. అందుకే ఒంటికి ప్రాణవాయువు చాలకపోయినా 98 కనిపిస్తుంది. రక్తంలో కార్బాక్సీహిమోగ్లోబిన్ (ఈ వాయువు పట్టుకున్న హిమోగ్లోబిన్) పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది, అదీ త్వరగా. మామూలు గాలి పీలుస్తుంటే నాలుగైదు గంటల్లో దాని స్థాయి సగానికి పడిపోతుంది. మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే అలా సగానికి తగ్గడానికి గంట, గంటన్నర చాలు. ఆసుపత్రికి వెళ్లగానే జనరేటర్ సంగతి చెప్పండి. చెప్పకపోతే ఏ మైగ్రేన్‌గానో, ఫుడ్ పాయిజనింగ్‌గానో పొరబడే అవకాశం ఉంది.

కిటికీలు తెరిచినంత మాత్రాన సరిపోదు. వరండా, గ్యారేజీ, మెట్ల కింద... ఎక్కడా వద్దు. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగగొట్టం ఇంటికి అవతలి వైపు ఉండేలా ఆరుబయట పెట్టండి. అటువైపు తలుపులు, కిటికీలు మూసేయండి. వాన వస్తే లోపలికి లాగుతారు, అక్కడే ప్రమాదం. జనరేటర్‌కని తయారైన, పక్కలు తెరిచి ఉండే కవర్ వాడండి. ఈ వాయువుకు రంగూ వాసనా ఉండవు, నిద్రలో ఉన్నవారికి మెలకువే రాకపోవచ్చు. పడకగదుల దగ్గర బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరిగా పెట్టండి.

ఎవరైనా తూలుతున్నా, తికమకగా మాట్లాడినా, ఛాతీలో నొప్పి అన్నా ముందు అందరూ బయటికి రండి, తర్వాత అంబులెన్స్‌కు ఫోన్ చేయండి. జనరేటర్ ఆపడానికని మళ్లీ పొగలోకి వెళ్లొద్దు. గర్భిణులకు లక్షణాలు స్వల్పంగా ఉన్నా కడుపులో బిడ్డకు ముప్పు ఎక్కువ, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కోలుకున్నాక కొన్ని రోజులకో, వారాలకో మతిమరుపు, నడకలో తడబాటు మొదలవ్వచ్చు. అప్పుడు న్యూరాలజిస్టుకు చూపించాలి.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఇంజిన్ ఆపి, పావుగంటకు పైగా చల్లారనిచ్చాకే పెట్రోల్ పోయండి. జనరేటర్ వైరును గోడ సాకెట్‌లో పెట్టొద్దు. కరెంటు వెనక్కి లైన్లలోకి పారి, స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణం తీయగలదు. ఎలక్ట్రీషియన్‌తో చేంజోవర్ స్విచ్ (ఇంటిని లైన్ కరెంటుకో, జనరేటర్‌కో ఏదో ఒకదానికే కలిపేది) పెట్టించుకోండి.