మీ ప్రశ్నలు – మా జవాబులు: ఏనుగుకి తేనెపెట్టె, పొదుపుకి మూడు తాళాలు

కరువుకీ, అప్పుకీ, అడవి జంతువులకీ ఆఫ్రికా పల్లెజనం ఎలా ఎదురు నిలుస్తున్నారో గత సంచికలో రాశాం. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచే ఎక్కువ ఉత్తరాలొచ్చాయి. "బాగుంది" అన్నవి పక్కన పెట్టి, "మా దగ్గర పనికొస్తుందా, ఎలా చేయాలి" అని అడిగినవే ఇక్కడ తీసుకున్నాం. జవాబులు ఆయా పనులు తెలిసినవాళ్లు రాసినవి.

ప్రశ్న: మాది జియ్యమ్మవలస మండలం. మొన్నటిదాకా విజయనగరం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం. ఒడిశా నుంచి దిగిన ఏనుగులు వరి, చెరకు, అరటి తొక్కేస్తున్నాయి. టపాకాయలకి అదరడం మానేశాయి. ఏటి చేయాలో పాలుపోవడం లేదు. కెన్యాలో తేనెటీగల కంచె కడతారని రాశారు. ఎకరాకి ఎన్ని పెట్టెలు? నిజంగా ఆగుతాయా? – ఒక రైతు

జవాబు: ఆగుతాయి, కానీ అన్నీ ఆగవు. కెన్యాలో సావో ఈస్ట్ పార్కు పక్కనున్న సాగల్లా ఊళ్లలో లూసీ కింగ్ అనే జంతు శాస్త్రవేత్త బృందం ఏళ్ల తరబడి లెక్క రాసింది. కంచె దాకా వచ్చిన ఏనుగుల్లో ఇంచుమించు మూడొంతులు వెనక్కి మళ్లాయి, నాలుగో వంతు లోపలికి దూరాయి. ఆ నాలుగో వంతుని గుర్తుపెట్టుకునే పనిలోకి దిగండి.

ఏనుగు తోలు మందం. అయినా తొండం లోపల, కళ్ల చుట్టూ, చెవుల వెనక ఈగ కుడితే ఓర్చుకోలేదు. ఒకసారి కుట్టించుకున్నది ఆ రొద వింటేనే తల ఊపుకుంటూ పక్కకి పోతుంది. కంచె పనిచేసేది ఈ భయం మీదే.

కట్టే తీరు ఇదీ. మూడు మీటర్ల ఎడంతో రెండు గుంజలు పాతి, వాటి మధ్య తీగతో ఒక పెట్టె వేలాడదీస్తారు. ఏడు మీటర్లు వదిలి మళ్లీ రెండు గుంజలు. అంటే ప్రతి పది మీటర్లకీ ఒకటి వేలాడుతుంది. అన్నీ తేనెపెట్టెలే అక్కర్లేదు. ఒకటి అసలుది, దాని పక్కది పసుపు రంగు వేసిన ఉత్త ప్లైవుడ్ పలక. చీకట్లో ఏనుగు తేడా పోల్చుకోలేదు. చతురస్రంగా ఉన్న ఎకరం చుట్టుకొలత సుమారు 255 మీటర్లు. లెక్కన 26 చోట్లు, అందులో 13 పెట్టెలు, 13 పలకలు. పెట్టె మనిషి ఛాతీ ఎత్తులో ఉంటే తేనె తీయడం తేలిక. పైన తాటాకో గడ్డో కప్పి నీడ ఇవ్వాలి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి కలిపే తీగని గుంజకి బిగించేస్తారు. అలా చేస్తే ఏనుగు తోసినప్పుడు గుంజ విరుగుతుంది గానీ పెట్టె కదలదు, ఈగ లేవదు. ఆ తీగని పెట్టె వేలాడే తీగకే తగిలించాలి. ఏనుగు ఛాతీ తగలగానే అటూ ఇటూ నాలుగైదు పెట్టెలు ఒక్కసారే ఊగాలి. రాత్రి ఈగలు ఎగరవు కదా అని అడుగుతుంటారు. మేతకి ఎగరవు. పెట్టె కుదిపితే మాత్రం ఊరుకోవు.

మన దగ్గర వచ్చే చిక్కు ఈగతోనే. ఆఫ్రికా ఈగ మహా కోపిష్టిది. మన పుట్ట తేనెటీగ సాధువు, పైగా తిండి దొరక్కపోతే పెట్టె వదిలి లేచిపోతుంది. కాబట్టి మన పెట్టెల మీద కెన్యా లెక్క అంతా వస్తుందని అనుకోవద్దు. కర్ణాటకలోని కొడగులో ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ 2021 మార్చిలో ఇలాంటి ప్రయత్నమే మొదలుపెట్టింది. పెట్టెలు అడగాలంటే ఆ కమిషన్‌నీ, ఉద్యానశాఖనీ కలవండి. సాగల్లాలో కూడా 2017 కరువుకి చాలా పెట్టెలు ఖాళీ అయిపోయాయి. ఖాళీ పెట్టె ఉత్త చెక్కే. ఎండాకాలంలో గులకరాళ్లు వేసిన పళ్లెంలో నీళ్లు పెట్టండి, రాళ్లు లేకపోతే ఈగలు మునిగి చస్తాయి. గుంజకి గ్రీజు పూస్తే చీమలెక్కవు. పది రోజులకోసారి పెట్టె విప్పి మైనపు పురుగు చూసుకోండి.

ఒక వైపే కట్టి వదిలేస్తే ఏనుగులు ఆ చివర నుంచి చుట్టి వస్తాయి. పక్క పొలం వాళ్లతో కలిసి కట్టుకుంటే ఒక్కొక్కరు పెట్టాల్సిన పెట్టెలు తగ్గుతాయి. అంచు వరసల్లో పసుపు, అల్లం, మిరప వేయండి, వాటి జోలికి ఏనుగు పెద్దగా రాదు. ఎండుమిరప పొడి పేడలో కలిపి పిడకలు చేసి, గాలివాటం చూసి పొలం గట్టున రాజేసే పద్ధతి కూడా టాంజానియా, జాంబియాల్లో ఉంది. అది ఒక రాత్రికి పనికొస్తుంది, కాపలా మనిషి మాత్రం ఉండాలి.

కరెంటు తీగ మాట తలపెట్టకండి. 2023 మేలో భామిని మండలంలో నాలుగు ఏనుగులు కరెంటు తగిలి చనిపోయాయి. పొలంలో కరెంటు పెట్టడం నేరం, పైగా తెల్లారి మొదట ఆ తీగ తగిలేది నీళ్లు కట్టడానికి వెళ్లిన మన మనిషికే.

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర డ్వాక్రా సంఘం. నైజర్ ఆడవాళ్లు మూడు తాళాల పెట్టెలో డబ్బు దాచుకుంటారని చదివాం. బ్యాంకులుండగా పెట్టె ఎందుకండీ? మా చీటీకీ దీనికీ తేడా ఏటి? – సంఘం లీడరు

జవాబు: నైజర్‌లోని మరాడీలో 1991లో కేర్ అనే సహాయ సంస్థ మొదలుపెట్టించిన పద్ధతి ఇది. ఆ పల్లెల్లో బ్యాంకు అందుబాటులో లేదు, అందుకే పెట్టె. తర్వాత ఆఫ్రికా అంతా పాకింది.

చీటీలో పాటకి దిగినవాడు నష్టపోతాడు, చివరిదాకా ఆగినవాడు లాభపడతాడు. దీంట్లో పాట లేదు. 15 నుంచి 25 మంది చేరతారు. వారం వారం కలిసి వాటాలు కొంటారు. మనిషికి వారానికి ఒకటికి తగ్గకూడదు, ఐదు దాటకూడదు. ఐదు అనే హద్దు ఎందుకంటే, డబ్బున్న ఒకావిడ ఇరవై వాటాలు కొనేస్తే ఆ తర్వాత సంఘం మాట ఆవిడ మాటే అయిపోతుంది.

వారం వారం సమావేశం ఎలా సాగుతుందో చూడండి. పెట్టె ఒకరి ఇంట్లో, మూడు తాళాల చెవులు వేరే ముగ్గురి దగ్గర. నలుగురూ వస్తే గానీ పెట్టె తెరుచుకోదు. తెరవగానే డబ్బు పళ్లెంలో పోసి అందరి ముందూ పైకి లెక్కపెడతారు. పోయినవారం మూసినప్పుడు ఎంతుందో చెప్పమని ఎవరో ఒకరిని అడుగుతారు, చదువురాని ఆవిడైనా నోటికి చెబుతుంది. వాటా కొన్నప్పుడల్లా పాసుపుస్తకంలో ముద్ర. ఆ వారానికి ఐదు గళ్లుంటాయి. రెండు వాటాలు కొంటే రెండు ముద్రలు వేసి, మిగిలిన మూడు గళ్లు అక్కడికక్కడే గీత పెట్టి కొట్టేస్తారు. కొట్టేయకపోతే తర్వాత ఎవరైనా ముద్ర గుద్దుకోవచ్చు. పాసుపుస్తకాలు ఇంటికి పోవు, అవీ పెట్టెలోనే. చావుకీ జబ్బుకీ ఇచ్చే సాయం డబ్బు వేరే సంచిలో ఉంటుంది, దానికి వడ్డీ లేదు.

అప్పు, తను దాచినదానికి మూడు రెట్ల దాకా. వడ్డీ సంఘమే తేల్చుకుంటుంది. ఏడాది చివర అప్పులన్నీ కట్టించేసి, మొత్తం పంచేసుకుంటారు.

మన లెక్కలో: వాటా 50 రూపాయలు, 20 మంది, సగటున వారానికి రెండు వాటాలు, 48 సమావేశాలు. మొత్తం 1,920 వాటాలు, 96,000 రూపాయలు. అందులో సగటున 48,000 ఏడాదంతా బయట తిరిగితే, నెలకి నూటికి రెండు రూపాయల వడ్డీ మీద 11,520 వస్తుంది. కలిపితే 1,07,520. వాటాకి 56 రూపాయలు. ఏడాదిలో 4,800 దాచినావిడ 5,376 పట్టుకెళ్తుంది.

దెబ్బతినేది చివరి నెలలో. అప్పులన్నీ తిరిగొచ్చి పెట్టె నిండా డబ్బుంటుంది, ఊరందరికీ ఆ సంగతి తెలుసు. దొంగలకి అదే అదను. మీకు బ్యాంకుంది కాబట్టి ఆ నెల డబ్బు ముగ్గురి సంతకాల ఖాతాలో వేయండి. ఇంకో మాట గట్టిగా చెబుతున్నాం: డ్వాక్రా సంఘం డబ్బుని ఇలా పంచుకోకండి. బ్యాంకు లింకేజీ అప్పు మీ సంఘం నిల్వ చూసే ఇస్తుంది. పెట్టె పెట్టుకుంటే విడిగా, చేతి ఖర్చుల్లో మిగిలిన డబ్బుతోనే పెట్టుకోండి.

ప్రశ్న: ఆఫ్రికా దేశపు జాతీయ భాష ఏది? – డిగ్రీ విద్యార్థి, ఎచ్చెర్ల

జవాబు: ఆఫ్రికా దేశం కాదు, ఖండం. 54 దేశాలున్నాయి. పై జవాబులోని నైజర్, మీరు క్రికెట్లో చూసే దక్షిణాఫ్రికా, రెండింటికీ మధ్య ఎన్నో దేశాలు. కెన్యా, టాంజానియాల్లో స్వాహిలీ మాట్లాడితే చెల్లుతుంది. మరాడీలో హౌసా కావాలి.

ప్రశ్న: పలాసలో చిన్న జీడి బట్టీ ఉంది. ఆఫ్రికా పిక్కలే ఎక్కువ ఆడిస్తున్నాం. ఒక్కో లాటు ఒక్కోలా వస్తోంది. కొనేముందు చూసుకోవడమెలా? రేట్లెందుకిలా ఎగిరిపడుతున్నాయి? – పేరు వద్దన్నారు

జవాబు: కోత పరీక్ష మీరే చేసుకోండి, దళారి కాగితం నమ్మొద్దు. పది పన్నెండు బస్తాల్లో పైనా మధ్యా అడుగునా చేయి పెట్టి పిక్కలు తీసి, కలిపి, కిలో తూచండి. ముందు లెక్కపెట్టండి. కిలోకి 180 దగ్గరుంటే మంచి సైజు, 210 దాటితే చిన్న పిక్క. తర్వాత ఒక్కోదాన్ని నిలువునా కోసి మూడు కుప్పలు పెట్టండి: మంచివి, మచ్చపడినవి, కుళ్లినవి. చిప్ప తీసేసి, పైపొట్టుతోనే పప్పు తూచాలి. మంచి పప్పు మొత్తం, మచ్చ పప్పులో సగం కూడండి. ఆ గ్రాముల్ని 80తో హెచ్చవేసి 453.6తో భాగిస్తే 80 కిలోల బస్తాకి ఎన్ని పౌండ్ల పప్పో తేలుతుంది. మంచిది 262 గ్రాములు, మచ్చది 20 గ్రాములు అనుకుంటే, 272 గ్రాములు, అంటే 48 పౌండ్లు, అంటే సుమారు 21.8 కిలోలు. తేమ ఎక్కువున్న పిక్క కంటైనర్లోనే బూజు పడుతుంది. కోసినప్పుడు పప్పు రబ్బరులా వంగితే ఆ లాటు వదిలేయండి.

ఐవరీ కోస్ట్, బెనిన్, గినియా బిస్సావ్ వైపు పంట ఫిబ్రవరి నుంచి జూన్ దాకా, మన ఉద్దానం పంటకి ఇంచుమించు జోడీగా వస్తుంది. టాంజానియా, మొజాంబిక్ పంట అక్టోబరు నుంచి జనవరి దాకా, అందుకే మనకి సరుకు అడుగంటినప్పుడు ఆ పిక్క దిగుతుంది.

రేటు సంగతి. ఆ దేశాల్లో పండిన పిక్కలో చాలా భాగం పచ్చిగానే ఓడెక్కి ఇండియాకీ వియత్నాంకీ పోతుంది. కొట్టే కూలీ, పొట్టు తీసే కూలీ అంతా ఇక్కడి ఆడవాళ్లకి. ఆ పని మా దగ్గరే ఉండాలని ఆ దేశాలు పట్టుబట్టాయి. బెనిన్ 2024లో పచ్చి పిక్క ఎగుమతి ఆపింది. 2018 నవంబరులో టాంజానియాలో వర్తకులు తక్కువ ధర పాడితే ప్రభుత్వం సైన్యాన్ని దింపి పంట కొనిపించింది. మీకు కష్టమే, వాళ్ల వైపు నుంచి చూస్తే న్యాయమే. ఒక్క దేశం పిక్క మీదే బట్టీ నడపకండి.

ప్రశ్న: మెళియాపుట్టి దగ్గర ఏటవాలు గరువులో జీడి మొక్కలు వేశాం. వాన నీరంతా జారిపోతోంది. బుర్కినా ఫాసో గుంటల పద్ధతి పనికొస్తుందా? – రైతు

జవాబు: ఆ గుంటల్ని జాయ్ అంటారు. యకూబా సవడోగో అనే రైతు పేరుతో ప్రసిద్ధికెక్కాయి. జానెడు వెడల్పు, అరజానెడు లోతు తవ్వి, గుప్పెడు పేడ వేసి జొన్న విత్తుతారు. బండబారిన నేలకీ, తక్కువ వానకీ పుట్టిన పని. మనకి వాన వెయ్యి మిల్లీమీటర్లు దాటుతుంది, జాయ్ గుంటలో మొక్క వేరు కుళ్లుతుంది.

మీకు సరిపోయేది నైజర్ వైపు తవ్వే అర్ధచంద్రం. నాలుగు మీటర్ల వ్యాసంతో అర్ధవృత్తం గీసి, జానెడు లోతు తవ్వి, ఆ మట్టి దిగువ అంచున గట్టుగా వేయాలి. తెరిచిన వైపు ఎగువకి. కింది వరస పై వరస సందుల్లోకి రావాలి. ఎకరాకి 125 దాకా పడతాయి, మీరు మొక్క ఉన్నచోటే తవ్వుకోండి. రెండు కొసలూ ఒకే మట్టంలో లేకపోతే నీరంతా ఒక కొస నుంచి తెంచుకుపోతుంది. మట్టానికి 'ఏ' ఆకారంలో మూడు కర్రలు కట్టి, నడినెత్తి నుంచి రాయి వేలాడదీస్తే చాలు. గట్టు నడుము కొసలకంటే జానెడు ఎత్తుండాలి, పెద్ద వానకి నీరు కొసల మీదుగా పొర్లాలి. మొక్క గుంట అడుగున కాకుండా, గట్టు లోపలి వాలున ఉండేలా గుంట గీసుకోండి.

ప్రశ్న: ఇచ్ఛాపురం వైపు ఆశా కార్యకర్తను. జింబాబ్వేలో అమ్మమ్మలు బెంచీ మీద కూర్చుని మనోవ్యాధికి వైద్యం చేస్తారన్నారు. మందు లేకుండా అదెలా?

జవాబు: డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో హరారేలో మొదలుపెట్టారు. బెంచీ క్లినిక్ ఆవరణలో, చెట్టు కింద ఉంటుంది. కూర్చునేది శిక్షణ పొందిన పెద్ద వయసు ఆరోగ్య కార్యకర్త. "డిప్రెషన్" అనే మాట వాడరు. షోనా భాషలో కుఫుంగిసిసా అంటారు, మరీ ఎక్కువగా ఆలోచించడం అని. మన ఊళ్లో "ఆలోచనలు ఎక్కువైపోయాయి" అనడం లాంటిదే.

మొదట 14 ప్రశ్నలు, అవును కాదు అని జవాబు. నిద్ర పట్టిందా, ఏడుపొచ్చిందా, చచ్చిపోవాలనిపించిందా, అన్నీ గడచిన వారం గురించే. తర్వాత వచ్చినావిడ తన కష్టాలన్నీ చెప్పుకుంటుంది. అందులో ఒక్కటే ఎంచుకోమంటారు. దానికి ఈ వారం చేయగల పని ఒకటి ఆవిడ నోటితోనే చెప్పిస్తారు. వచ్చేవారం ఏమైందో అడుగుతారు. ఇలా ఆరుసార్లు. 2016లో అచ్చయిన పరీక్షలో ఆరు నెలల తర్వాత డిప్రెషన్ లక్షణాలు మామూలు వైద్యం పొందినవాళ్లలో సగం మందికి మిగిలితే, బెంచీకి వచ్చినవాళ్లలో 14 శాతానికే మిగిలాయి.

అన్నిటికంటే కష్టం సలహా ఇవ్వకుండా నోరు కట్టుకోవడం. "నా మాట విని అత్తతో సర్దుకుపో" అన్నారంటే ఆవిడ మళ్లీ రాదు. రచ్చబండ దగ్గర బెంచీ వేయకండి, ఎవరు కూర్చున్నారో ఊరంతా చూస్తుంది. సబ్‌సెంటర్ వెనక నీడ చాలు, బీపీకి వచ్చిందనుకుంటారు. చావు మాట వస్తే మాత్రం ఆ రోజే ఏఎన్ఎంకి చెప్పి, ఒంటరిగా ఇంటికి పంపకుండా, పక్కన కూర్చునే 14416 టెలీమానస్‌కి (ప్రభుత్వ మానసిక సాయం ఫోన్ లైను) ఫోన్ కలపండి. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.