వెనక బెంచీలో కూర్చుని చూసేవాళ్లు కావాలి

ప్రశ్న: మాది అంబాజీపేట. మా అమ్మాయి బీఎస్సీ మ్యాథ్స్ చదివి, రెండేళ్లుగా అమలాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెబుతోంది. బీఈడీ చేయలేదు. టెక్సాస్‌లో ఉండే మా ఆడపడుచు గారమ్మాయి, అక్కడ డిగ్రీ ఉంటే ఉద్యోగం చేస్తూనే టీచర్ సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు అంటోంది. ఇక్కడ ఒకాయనేమో కాలేజీకి రానక్కర్లేదు, రికార్డులు కూడా మేమే రాయిస్తాం, ఉద్యోగం మానొద్దు అంటున్నాడు. రెండేళ్ల అనుభవం ఎలాగూ ఉంది కదా, ఆయన మాట వినొచ్చా?

జవాబు: వద్దమ్మా. ముందు ఈ మాట చెప్పేసి మిగతా సంగతికి వస్తాను. బీఈడీలో తరగతులకు 80 శాతం, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలని టీచర్ శిక్షణ కోర్సులను నియంత్రించే జాతీయ సంస్థ ఎన్‌సీటీఈ నిబంధన. కాలేజీ మొహం చూడకుండా ఆ హాజరు ఎలా పడుతుందో మీరే ఆలోచించండి. డబ్బు కట్టి మరీ, ఆ కోర్సులో పనికొచ్చే ఒక్క భాగాన్ని వదులుకున్నట్టవుతుంది.

టెక్సాస్ గురించి మీవాళ్లు చెప్పింది నిజమే, కాకపోతే సగమే మీ దాకా వచ్చింది. ఆల్టర్నేటివ్ సర్టిఫికేషన్ అంటారు దాన్ని. న్యూజెర్సీ లాంటి రాష్ట్రాల్లో 1980ల నుంచే ఉంది. టెక్సాస్‌లో డిగ్రీ ఉన్నవాళ్లు ముందు ఒక శిక్షణ సంస్థలో చేరాలి, సబ్జెక్టు పరీక్ష పాసవ్వాలి. అప్పుడు ఇంటర్న్ సర్టిఫికెట్ మీద స్కూల్లో జీతంతో చేరతారు. ఆ ఏడాదంతా అదే స్కూల్లోని ఒక సీనియర్ టీచర్ తోడుగా ఉంటారు. శిక్షణ సంస్థ నుంచి ఒక సూపర్‌వైజర్ వచ్చి, ఒక్కోసారి కనీసం 45 నిమిషాలు క్లాసులో కూర్చుని చూసి, తర్వాత పిలిచి మాట్లాడి, రాతపూర్వకంగా ఇస్తారు. ‘ఉద్యోగం చేస్తూనే’ అన్న ముక్క మనకు వెంటనే వినపడుతుంది. ఆ సూపర్‌వైజర్ సంగతి ఎవరూ చెప్పరు. అసలు శిక్షణ అక్కడే ఉంది.

మీ అమ్మాయి రెండేళ్ల అనుభవాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఒక్కసారి అడిగి చూడండి: ఈ రెండేళ్లలో తన క్లాసుకొచ్చి, పీరియడ్ మొత్తం కూర్చుని, పాఠం గురించి తనతో మాట్లాడినవాళ్లు ఎంతమంది? సిలబస్ ఎంతయ్యింది, డైరీ రాశావా అని అడగడం కాదు నేను చెప్పేది.

నా సంగతే చెబుతాను. బీఈడీ టీచింగ్ ప్రాక్టీసుకి రాజోలు వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో వేశారు. ఏడో తరగతికి వైశాల్యం చెప్పాను. పాఠం బ్రహ్మాండంగా వచ్చిందనుకున్నాను. వెనక బెంచీలో కూర్చున్న లెక్కల మాస్టారు బెల్లు కొట్టాక ఒక కాగితం చేతిలో పెట్టారు. అందులో క్లాసులో ఎవరెక్కడ కూర్చున్నారో గళ్లు గీసి, నేను ప్రశ్న అడిగిన ప్రతి పిల్లాడి గడిలో ఒక టిక్కు పెట్టారు. టిక్కులన్నీ ముందు రెండు వరసల్లో ముగ్గురి దగ్గరే. ఆడపిల్లలు కూర్చున్న ఎడమవైపు ఒక్కటంటే ఒక్కటి లేదు. ‘వీళ్లకి సెంటు అంటే తెలుసు, చదరపు మీటరు తెలీదు. రేపు అక్కణ్నుంచి మొదలెట్టు’ అన్నారంతే. మర్నాడు ఎవరింట్లో ఎన్ని సెంట్ల దొడ్డి ఉందని అడిగాను. నిన్నంతా కిటికీ దగ్గర నోరు విప్పని లంక పిల్లాడు లేచి, తమది యాభై సెంట్ల కొబ్బరితోట, వరదకి ఒక పక్క కోసుకుపోయింది అన్నాడు. సెంటుకి 48.4 చదరపు గజాలని బోర్డు మీద రాశాక, పోయింది ఎన్ని గజాలో వాడే కట్టి చెప్పాడు. ఆ కాగితం లేకపోతే నేను పదేళ్లు ఆ ముగ్గురు పిల్లలకే పాఠం చెప్పుకుంటూ ఉండేదాన్నేమో.

మన దగ్గర ఉద్యోగం చేస్తూ చేసే దారులు మీ అమ్మాయికి ఇప్పుడు కుదరవు. శిక్షణ లేకుండా పనిచేస్తున్న టీచర్ల కోసం 2017లో జాతీయ ఓపెన్ స్కూల్ (ఎన్ఐఓఎస్) ద్వారా డీఈఎల్ఈడీ, అంటే ప్రైమరీ టీచర్ల శిక్షణ డిప్లొమా, పెట్టారు, దాని గడువు 2019 మార్చి 31తో అయిపోయింది. ఇగ్నో దూరవిద్య బీఈడీకి ఇప్పటికే ఉపాధ్యాయ శిక్షణ పొంది ఉండాలి, కేవలం అనుభవం చాలదు. ఏడాది బీఈడీ అని వింటున్నది నాలుగేళ్ల డిగ్రీ గానీ పీజీ గానీ ఉన్నవాళ్లని ఉద్దేశించింది. టీచ్ ఫర్ ఇండియా ఫెలోషిప్ ఉంది, హైదరాబాద్‌లోనూ నడుస్తుంది. రెండేళ్లు జీతంతో పిల్లలకు చెబుతూ మంచి మార్గదర్శకత్వం పొందొచ్చు. కానీ అది బీఈడీకి బదులు కాదు, దాన్ని చూపించి ప్రభుత్వ టీచర్ ఉద్యోగాల డీఎస్సీ పరీక్ష రాయలేరు.

కాబట్టి బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాసి రెగ్యులర్ బీఈడీ చేయించండి. రెండేళ్ల జీతం పోతుంది, ఆ బాధ నాకు తెలుసు. ఫీజూ ఇంటి ఖర్చూ ముందే లెక్కేసుకుని, అవసరమైతే ఒక ఏడాది ఆగి చేర్చండి, నష్టం లేదు. ఒకవేళ తనకి చిన్నపిల్లలంటేనే ఇష్టమైతే మాత్రం డీఈఎల్ఈడీ ఆలోచించాలి. బీఈడీతో ప్రైమరీ టీచర్ పోస్టుకు అర్హత లేదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పేసింది. ఆరు, ఏడు తరగతులు ఇష్టంగా చెబుతోంది కాబట్టి బీఈడీయే సరైనదని నా అభిప్రాయం.

బీఈడీలో ఇంటర్న్‌షిప్ మొత్తం 20 వారాలు. మొదటి ఏడాది నాలుగు, రెండో ఏడాది పదహారు. ఈ పదహారు వారాల్లో దగ్గరి స్కూలు చూసుకోవడం కంటే, లెక్కలకి మంచి టీచరున్న స్కూలు అడిగి వేయించుకోమనండి. లెసన్ ప్లాన్ మీద సంతకం పెట్టించుకుని ఊరుకోవద్దు, పాఠం అయ్యాక పది నిమిషాలు కూర్చోమని ఆ టీచర్ని అడగాలి. అడగడానికి మొహమాటపడితే ఆ అవకాశం మళ్లీ రాదు.

ఈలోపు కూడా ఊరికే ఉండక్కర్లేదు. ఇప్పుడున్న స్కూల్లోనే తను గౌరవించే సీనియర్ని వారానికొక పీరియడ్ వెనక కూర్చోమని అడగమనండి. గళ్ల కాగితం గీయడానికి ఒక పెన్సిలు చాలు.

కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేముందు మీరూ అమ్మాయీ కాలేజీలకి వెళ్లి రండి. భవనం చూడొద్దు. రెండో ఏడాది చదివే ఒక విద్యార్థిని పలకరించి, అబ్జర్వేషన్ రికార్డు చూపించమనండి. ఎర్ర పెన్నుతో వేర్వేరు చేతిరాతల్లో ‘వెనక వాళ్లకి బోర్డు కనపడలేదు’, ‘జవాబు చెప్పేలోపే నువ్వే చెప్పేశావు’ లాంటి మాటలు ఉంటే ఆ కాలేజీని జాబితాలో పైన పెట్టండి. ప్రతి పేజీలో ‘గుడ్’ అని ఒకే దస్తూరీ కనిపిస్తే కిందకి దింపేయండి.